మబ్బు ఆగని చోటు

"మీ అక్క చనిపోయిన లాయంలోనే నీకు డ్యూటీ. చేయగలవా?" అన్నాడు చీఫ్.

"చేయలేనంటే ఇంకొకర్ని పంపిస్తారా సార్?"

"లేదు."

"మరి అడగడం దేనికి?"

అలా ఏజెంట్ నీడ మీసం అంటించుకుని, గుర్రాలు చూసుకునే గ్రూమ్ వేషంలో అంతర్జాతీయ డ్రెసాజ్ పోటీలకు చేరుకున్నాడు. గుర్రం నాట్యం చేస్తున్నట్టు అడుగులేయాలి, రౌతు మాత్రం ఏమీ చేయనట్టే కనిపించాలి. గూఢచారులకు ఇంతకన్నా తగిన ఆట లేదు.

శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టబోయే పెద్దమనిషి ఫైనల్‌కు ముఖ్య అతిథి. ఆయన్ని అక్కడే లేపేయాలని విదేశీ ముఠా ప్లాను. ఆ ముఠాలో మనకొక డబుల్ ఏజెంట్ ఉంది, కోడ్ నేమ్ వెన్నెల. పేరుకు తగ్గ అందగత్తె. ఒకప్పుడు అక్క స్వారీ చేసిన మబ్బు అనే బూడిదరంగు గుర్రం మీద ఇప్పుడు ఆమే పోటీ చేస్తోంది.

అక్కా ఏజెంటే. కిందటేడు మబ్బు తన్నితే పోయిందని రిపోర్టు. నీడ ఆ మాట ఒక్కనాడూ నమ్మలేదు. పిల్లి అడ్డొస్తే పక్కకు తప్పుకునే గుర్రం అది. లాయంలో అక్క నాలుకతో రెండుసార్లు టక్ టక్ మనిపిస్తే చాలు, నిలబడ్డచోటే అడుగులేసేది. ఇప్పటికీ రోజూ పొద్దున్నే లాయంలో ఖాళీగా ఉన్న ఒక మూలకు చెవులు రిక్కించి వింటుంది. నీడ మాత్రం ఆ మూల వైపు చూసేవాడు కాదు.

ఫైనల్ రోజు వెన్నెల జీను తనే బిగించుకుంది. "నువ్వు ముట్టుకోకు, నాకు సెంటిమెంటు" అంది నవ్వుతూ. అప్పటికే నీడ అలవాటు కొద్దీ జీను ముందు భాగం తుడిచేశాడు.

ఆమె అరీనాలోకి వెళ్ళింది. మబ్బు సంగీతానికి తగ్గట్టు అడుగులేస్తుంటే జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. గేటు దగ్గర నీడ, జీను తుడిచిన గుడ్డతోనే ముఖం తుడుచుకున్నాడు. గుప్పున వాసన. జీనుకు రాసే సబ్బు కాదది, తుపాకీ నూనె.

నీడకు అప్పుడు వెలిగింది. చివర్లో గుర్రం అరీనా నడిమధ్య, న్యాయనిర్ణేతకు ఎదురుగా, బొమ్మలా నిలబడాలి. ఆ న్యాయనిర్ణేత వెనకే అతిథి సీటు. గురి చూడాల్సిన పని కూడా లేదు. రూలే గురి పెట్టి ఇస్తుంది.

"చీఫ్, జీనులో గన్ ఉంది. అతిథిని అక్కణ్ణించి తప్పించండి" అన్నాడు కాలర్‌లో దాచిన మైకులో.

"వెన్నెల మన మనిషయ్యా."

"కాదు సార్."

సంగీతం ఆగింది. మబ్బు నిలబడింది. వందనానికి వెన్నెల కుడిచెయ్యి కిందికి దిగుతోంది, జీనులో దాచిన గన్ మీట వైపుకి. నీడకు అక్క గుర్తొచ్చింది. టక్‌మనిపించబోతే నాలుక అంగిలికి అంటుకుపోయింది. చేతకాని కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టక్ టక్.

అతని పక్కనే వినిపించింది. పక్కన ఎవరూ లేరు.

మబ్బు చెవులు కదిలాయి. కాళ్ళు లేచాయి. నిలబడాల్సిన చోట తైతక్కలాడింది. జీనులోని గన్‌లోంచి దూసుకొచ్చిన విషపు సూది అతిథిని తప్పి పూలకుండీలో దిగింది.

గేటు దగ్గరే వెన్నెల చేతులకు బేడీలు పడ్డాయి.

"ఎలా కనిపెట్టావు?"

"నూనె వాసన."

"మీ అక్క కూడా అలాగే కనిపెట్టి..." అని నాలుక కరుచుకుంది.

ఆ మాట చాలు. నీడ మబ్బు మెడ మీద తల ఆనించి, అంటించిన మీసం ఊడిపోయేదాకా ఏడ్చాడు. "నిన్ను అనవసరంగా ఆడిపోసుకున్నార్రా" అన్నాడు.

చీఫ్ వచ్చి భుజం తట్టాడు. "జ్యూరీ ఈ గుర్రాన్ని పోటీలోంచి తీసేసింది. టక్ టక్ అని బయటివాళ్ళెవరో సాయం చేశారట. భలే టైముకి కొట్టావయ్యా."

"నేను కాదు సార్."

"మరి ఆ బయటివాళ్ళెవరు?"

మబ్బు ఖాళీగా ఉన్న గేటు మూలకు చెవులు రిక్కించి వింటోంది. ఈసారి నీడ కూడా అటే చూశాడు.

"బయటివాళ్ళు కాదు సార్. మా ఇంట్లోవాళ్ళే."