కిటికీ పక్క మంచం

ఆ పొద్దున తండ్రి ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేస్తున్నాడు. దర్జీ పని చేసి పిల్లను పెంచిన మనిషి, మడత కనిపిస్తే ఊరుకోడు. కానీ ఇది మడత బాధ కాదని కూతురికి తెలుసు. మధ్యాహ్నం కోర్టులో వాయిదా ఉంది. అందుకే ఆమె సెలవు పెట్టి మరీ వచ్చింది.

కేసు ఎదురు మేడ మీది సెల్ టవర్ మీద కాదు. టవర్ల రేడియేషన్ ఎంతదాకా ఉండొచ్చో హద్దు పెట్టిన సర్కారు ఆఫీసు మీద. మనుషులకీ చెట్టూచేమకీ ఏమవుతుందో చూడకుండానే పాత హద్దుల్ని ఖాయం చేశారని, ముందు ఆ పరిశీలన జరిపించమని తండ్రి అడుగుతున్నాడు. కూతురి తల్లి తలలో గడ్డతో పోయింది. దానికీ టవరుకీ సంబంధం ఉందని ఏ డాక్టరూ చెప్పలేదు, లేదనీ తేల్చలేదు. ఆ తేలకపోవడమే ఆయన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఫోన్ మోగింది. లాయరమ్మ. కూతురు స్పీకర్లో పెట్టింది.

"పెద్దాయనా, అవతలివాళ్లు ఒక్కటే పట్టుకున్నారు. వెనక ఇంకో పడకగది ఉండగా ఆవిడ రోజంతా టవర్ ఎదురు గదిలోనే ఎందుకున్నారంటున్నారు. మధ్యాహ్నం కోర్టుకిచ్చే కాయితంలో కారణం చెప్పకపోతే కట్టుకథ అంటారు. అసలు కేసు వేసే హక్కే మీకు లేదని కొట్టించేస్తారు."

"గాలి కోసమని రాయండమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండానే.

"గాలేంటి నాన్నా? ఆ కిటికీ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఎన్నేళ్లయింది?"

"నీకెందుకే. గాలి కోసమే."

"కాళ్లరిగేలా తిరిగి ఇంతదాకా తెచ్చావు. ఇప్పుడు ఉన్నమాట చెప్పడానికి ఏం వచ్చింది నీకు? అమ్మ కంటే నీ మొండితనమే ఎక్కువైపోయిందా?"

చొక్కా కమిలిన వాసన వచ్చింది. కూతురు ఇస్త్రీపెట్టె లాక్కుని పక్కన పెట్టింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"వెనక గదిలో సిగ్నల్ ఉండేది కాదే," అన్నాడు చివరికి. "నువ్వేమో వినపడట్లేదు, పెట్టేస్తున్నా అని విసుక్కునేదానివి. అందుకని మంచం ఇక్కడికి లాగించింది. పిల్ల ఏ వేళప్పుడు చేస్తుందో ఏమోనని ఇక్కణ్ణుంచి కదిలేది కాదు. ఆ మాట కాయితం మీదికెక్కితే నువ్వు బతికున్నన్నాళ్లూ మోస్తావు. కేసు పోతే పోనీ."

ఆదివారం ఫోన్ చేస్తానని చెప్పి మరిచిపోయిన ఆదివారాలన్నీ ఒక్కసారిగా ఆమె మీద పడ్డాయి. ఇంతకాలం ఆయన కోపమంతా టవర్ మీదే అనుకుంది. తనకీ ఈ మాటకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడని అనుకోలేదు.

"లైన్లో ఉన్నారా అమ్మా?" లాయరమ్మ అడిగింది.

కూతురు ఫోన్ అందుకుంది. వద్దన్నట్టు తండ్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు, ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"రాసుకోండి మేడమ్. మా అమ్మ ఆ గదిలో ఉన్నది నా ఫోన్ కోసం." కళ్లు తుడుచుకుని మళ్లీ అంది. "నేను చాలాసార్లు చెయ్యలేదు. అదీ రాయండి."