బాబూ... బస్...

నేపాల్ కొండల్లో ఒక మలుపు ఉందట. దాని పేరు నాకు నోరు తిరగదు. చీకటి పడితే అక్కడ ఎవరూ ఆగరు. ఎప్పుడో ఒక యాత్ర బస్సు ఆ మలుపులోనే లోయలోకి పోయింది. బస్సు దొరికింది... మనుషులు అందరూ దొరకలేదు. ఇప్పటికీ రాత్రిపూట అక్కడ హారన్ వినిపిస్తుందని చెప్పుకుంటారు.

నేను పోలేదు. మా కాజీపేట పిల్లలు ఒవైస్, సాయికిరణ్ పోయివచ్చి చెప్పిన ముచ్చట ఇది. రైళ్ళలో టీసీగా చేసి రిటైరైనవాణ్ణి, ఎవరేం చెప్పినా సగమే నమ్మడం నాకు అలవాటు. ఇదీ సగమే నమ్ముదామనుకున్నాను.

వాళ్ళ ప్రయాణం గురించి ఏం చెప్పను! గోరఖ్‌పూర్ దాకా జనరల్ బోగీ, అక్కడి నుంచి దొరికిన బండి. సంచిలో ఒవైస్ వాళ్ళమ్మ చేసిచ్చిన సర్వపిండి, అటుకులు. లాడ్జి మెట్లు ఎక్కకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. పిసినారులు కారు పాపం, ఊళ్ళు చూడాలన్న పిచ్చి ఎక్కువ, జేబు చిన్నది.

ఆ సాయంత్రం జీపులో కొండెక్కుతుంటే సాయికిరణ్‌కు చలిజ్వరం మొదలైంది. మలుపు దగ్గర రోడ్డు పక్కనే ఒక పాడుబడ్డ ఇల్లు కనిపించింది. తలుపుల్లేవు, సగం రేకులు ఎగిరిపోయాయి. ఈ రాత్రికి ఇది చాలు, ఆపమన్నాడు ఒవైస్.

"ఇక్కడ వద్దు," అన్నాడు డ్రైవర్ హిందీలో. బస్సు సంగతి చెప్పాడు. "పై ఊళ్ళో మావాళ్ళ లాడ్జి ఉంది, రండి."

ఒవైస్ సాయికిరణ్ చెవి దగ్గర నవ్వాడు. "కమీషన్ కత బే ఇది. దయ్యం పేరు జెప్పి రూం అంటగడతాండు."

దిగిపోయారు. డ్రైవర్ వాళ్ళ వైపు ఒక చూపు చూసి జీపు పోనిచ్చాడు.

రాత్రి బాగా ముదిరింది. సాయికిరణ్ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఉన్న రెండు దుప్పట్లూ వాడికే కప్పి ఒవైస్ కళ్ళు మూసుకున్నాడు. తెల్లారేలోగా వీడికేమైనా అయితే? వాళ్ళ నాయనకు ఏం చెప్పాలి? ఆ ఒక్కటే భయం.

అప్పుడు... గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

ముసలామె. చేతిలో దీపం లేదు. అడుగుల చప్పుడు కూడా వినిపించలేదు.

"బాబూ..."

ఒవైస్ లేచి కూర్చున్నాడు. ఈ కొండల్లో తెలుగా?

"బాబూ... బస్... బస్..."

లోయలో పడిన బస్సులోకే పిలుస్తోంది! ఒవైస్ గోడకు అంటుకుపోయాడు. ఆమె లోపలికొచ్చి, లేవబోతున్న సాయికిరణ్ భుజం మీద చెయ్యి వేసింది. "బస్, బాబూ..."

"బస్! బస్!" అని అరిచాడు ఒవైస్. వాళ్ళ ఇంట్లో ఆ మాటకు 'ఇక చాలు' అని అర్థం.

ముసలామె ఆగింది. ఆ తర్వాత... మెల్లగా నేల మీద కూర్చుంది.

"దయ్యం నా మాట ఇన్నది కాకా," అన్నాడు ఒవైస్ నాతో. "గప్పుడే ఎక్కువ భయమైంది."

అంతలో హారన్ మోగింది.

మలుపులో బస్సు. నిజం బస్సే, ఎక్కితే ఈ ముసలామె నుంచి తప్పించుకోవచ్చనుకున్నాడు ఒవైస్. కిటికీల్లో పసుపు వెలుతురు. సీట్లలో శాలువాలు కప్పుకున్న తలలు... ఒక్కటీ ఇటు తిరగలేదు. ఫుట్‌బోర్డు మీద కండక్టర్ చెయ్యి ఊపాడు. ఒవైస్ ఖాళీ జేబు చూపిస్తే, ఫరవాలేదు రమ్మన్నట్టు మళ్ళీ ఊపాడు. ఊపి, లోపలికి తిరిగి అన్నాడు—

"జర జరుగుండ్రి... ఇంకిద్దరున్నరు."

"మనోళ్ళే బే!" సాయికిరణ్ దుప్పట్లు విసిరేసి లేచాడు. ఒవైస్ సంచి అందుకున్నాడు. ముసలామె వాళ్ళిద్దరి కాళ్ళనూ రెండు చేతులా చుట్టేసింది. "బస్! బస్!" అంటూ ఏడుస్తోంది. ఎంత గుంజుకున్నా పట్టు వదల్లేదు. బస్సు చాలాసేపు ఆగి ఉంది. తర్వాత వెలుతురు ఆరిపోయింది.

తెల్లారాక అదే జీపు వచ్చింది. ముసలామె దానిలోకి ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. ఒవైస్ నోరు తెరిచాడు.

"మా పెద్దమ్మ," అన్నాడు డ్రైవర్. "మీరు మాట వినలేదని నేనే పంపాను. ఇక్కడ ఎవరైనా ఆగితే తోడుంటుంది."

"మరి బాబూ, బస్ అని..."

డ్రైవర్ పగలబడి నవ్వాడు. "మా భాషలో చిన్నవాళ్ళను బాబు అంటాం. బస్ అంటే కూర్చో!"

వీళ్ళకూ నవ్వాగలేదు. జ్వరం మీదే సాయికిరణ్ పడీపడీ నవ్వాడు. ఆ కమీషన్ మాట తలుచుకుని ఒవైస్‌కు సిగ్గేసింది. ఆ ఊపులోనే అడిగాడు, "రాత్రి వచ్చిన బస్సు ఏ ఊళ్ళో ఆగుతుంది?"

"ఆ ప్రమాదం తర్వాత ఈ రోడ్డు మీద బస్సులు తిరగవు."

ఒవైస్‌కు ఒక్క ఆశ మిగిలింది. కండక్టర్ అన్నదీ వాళ్ళ భాష మాటే అయ్యుండాలి. అడిగాడు, "జర జరుగుండ్రి... అంటే మీ భాషలో ఏమిటి?"

డ్రైవర్ బ్రేకు వేశాడు. పెద్దమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది.

"అది మా భాష కాదు," అన్నాడు డ్రైవర్. "ఆ మాట మా పెద్దమ్మ ఇన్నేళ్ళుగా వింటూనే ఉంది. మీకు అర్థమైందా? ఏమంటాడు వాడు?"

ఒవైస్ లోయ వైపు చూడకుండా, బండి పోనిమ్మన్నాడు.