కెరేర్‌కి ఇంగ్లీషు చుట్టాలు

అడగడం ఆమె పని, జవాబు రాయడం తన పని, ఇందులో తన తప్పేముందని అతను నాలుగేళ్లుగా తనకు తానే సర్దిచెప్పుకుంటున్నాడు. నిఘంటువు ఆఫీసులో పద్ధతే అంత. మాటల పుట్టుక రాసేది అతను, అందుకే ఆమె అతన్ని 'మూలంగారు' అనేది; సరిచూసేది ఆమె. సందేహం వస్తే ఎర్రసిరాతో చీటీ రాసి అతని బల్ల మీద పెట్టేది. అతను పెన్సిల్‌తో బదులు రాసేవాడు. ఎదురుప్రశ్న వేసే అలవాటు ఆ గదిలో లేదు.

ఒక వానమధ్యాహ్నం వచ్చిన చీటీ అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మూలంగారూ, స్పానిష్‌లో 'కెరేర్' అంటే కోరుకోవడం, ప్రేమించడం. దీని సంగతి మీకేమైనా తెలుసా?"

అతను సాయంత్రందాకా పుస్తకాలు తిరగేసి శ్రద్ధగా రాశాడు: "లాటిన్ 'క్వైరెరే' నుంచి. మొదటి అర్థం వెతకడం, అడగడం. ఇంగ్లీషు చుట్టాలు: క్వెరీ, క్వశ్చన్, క్వెస్ట్, రిక్వెస్ట్."

ఆమె చదివి నుదురు కొట్టుకుంది. "చుట్టాలందర్నీ పిలిచారు, పెళ్లికూతుర్ని తప్ప!"

అది తనకు అర్థం కాలేదని అతను చాన్నాళ్లు నమ్మాడు. నిజానికి అర్థమైంది. అర్థమైన మరుక్షణం తలవంచి పెన్సిల్ చెక్కుకున్నాడు. నెల తిరక్కుండా ఆమె వేరే ఊరి శాఖకు బదిలీ చేయించుకుంది.

ఇవాళ రెండో ముద్రణ సమావేశానికి వచ్చింది. అదీ అయిపోయింది. బయట మళ్లీ వాన. మెట్ల మీద ఆమె గొడుగు విప్పుతోంది.

"మీ అక్కగారు బాగున్నారా?" అంది.

"బాగుంది. మీరెలా ఉన్నారని అడిగింది," అన్నాడు అతను.

"నయం, మీ ఇంట్లో అడిగేవాళ్లు ఒకరున్నారు." నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఆదివారం మా ఇంటికి పెళ్లిచూపులకు వస్తున్నారు. ఈసారి నాన్నకి వద్దని చెప్పే ఓపిక నాకు లేదు. వస్తాను మరి."

రెండు మెట్లు దిగింది. అడగడానికి లాటిన్‌లో ఉన్న రూపాలన్నీ అతనికి కంఠస్థం. తెలుగులో ఒక్కటీ నోటికి రాలేదు. ఆమె గేటు దాకా వెళ్లాక, ఎలా దిగాడో తెలియదు, వానలో ఆమె ఎదుట నిలబడి ఉన్నాడు.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె గొడుగు కాస్త పైకెత్తి చూసింది.

"వాన హోరులో వినపడలేదు."

వినపడిందని ఆమె కళ్లు చెబుతూనే ఉన్నాయి.

అతను మళ్లీ అడిగాడు.