కెమెరాలో కపాలం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం. సూర్యుడు నడినెత్తిన ప్రజ్వరిల్లవలసిన వేళ, ఆర్మూరు మీద కారుమబ్బులు కాటుకలా కమ్ముకున్నాయి. గుట్ట మీది నల్లరాళ్ల సందుల్లో పట్టపగలే గుడ్లగూబ కూసింది. మార్కెట్ యార్డులో హమాలీలు పసుపు రాశుల మీద గబగబా పరదాలు కప్పుతున్నారు. ఆకాశం బద్దలైనట్టు ఒక్క ఉరుము... ఆ ఉరుము ఆగకముందే రంజిత్ ఇంట్లో అతని భార్య దివ్యశ్రీ కెవ్వున అరిచింది!

రంజిత్ లోపలికి పరుగెత్తాడు. దివ్యశ్రీ ల్యాప్‌టాప్ ముందు కొయ్యబారి కూర్చుని ఉంది. స్క్రీన్ మీద ఆమె ముఖం కనిపిస్తోంది. భర్త అడుగుల చప్పుడుకు ఆమె తల తిప్పింది... స్క్రీన్ మీది ముఖం మాత్రం తిరగలేదు! రెప్ప వాల్చకుండా అది ఎదుటికే చూస్తోంది.

"కండ్లు గుంజుతున్నయి... లోపలికెళ్లి ఎవరో గుంజుతున్నరు," అంది దివ్యశ్రీ సన్నగా.

ఆమె హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే భవనాల బొమ్మలు గీసి ఇచ్చేది. ఆ పని కోసమే కొన్న బరువైన వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ అది. దాని స్క్రీన్ వెలిసిపోయి ఇటుక రంగుకూ మట్టి రంగుకూ తేడా తెలిసేది కాదు. ల్యాప్‌టాపులు బాగుచేయడమే రంజిత్ వృత్తి. పెళ్లాం కళ్లు పాడవుతున్నాయని అతను మంచి ఫోర్‌కే స్క్రీన్ తెప్పించి తానే బిగించాడు. దానికి పాత కేబుల్ సరిపోక వేరేది వేశాడు. బొమ్మ పండింది గాని, కెమెరా చచ్చిపోయింది. కెమెరా తీగలు పాత కేబుల్‌లోనే కలిసి ఉండేవి, కొత్తదానిలో లేవు. డ్రైవర్లు తీసి మళ్లీ వేశాడు, సెట్టింగులన్నీ గాలించాడు... ఫలితం శూన్యం. ముఖం కనిపించకపోతే మీటింగుల్లో కుదరదని కంపెనీవాళ్లు పట్టుబట్టారు.

బయట తగిలించుకునే కెమెరా కొంటే చాలని దివ్యశ్రీ చెప్పింది. చేసిన పని సగంలో ఆగిపోయిందన్న పంతంతో రంజిత్ వినలేదు. పసుపు గోదాముల వెనుక రేకుల షెడ్డులో పాత కంప్యూటర్ సామాను అమ్మే భీమ్‌రావు దగ్గరికి పోయి, కెమెరాతో కలిసి ఉన్న కేబుల్ తెచ్చాడు. భీమ్‌రావు చూపు దాదాపు పోయిన మనిషి. సీసా అడుగుల్లాంటి అద్దాలలోంచి చూస్తూ, దాని ముందు కూర్చునేది ఎవరని, పేరేమిటని అడిగాడు. రంజిత్ ఏమీ దాచకుండా చెప్పాడు.

అది నిన్నటి మాట.

ఇప్పుడు రంజిత్ ఛార్జర్ పీకేశాడు. అడుగు మూత విప్పి బ్యాటరీ కూడా ఊడదీశాడు. అయినా కెమెరా పక్కన ఎర్రని వెలుగు... ఆరలేదు! స్క్రీన్ చుట్టూ ఉన్న అంచు లేపి చూశాడు. కెమెరా అద్దం వెనుక గోరంత ఎముక ముక్క. కేబుల్ పొడవునా పాములా చుట్టుకున్న ఆడదాని తలవెంట్రుక. సన్న పట్టకారుతో ఆ ఎముకను కదిలించాడో లేదో, దివ్యశ్రీ కళ్ల నుంచి నెత్తురు ధారకట్టింది. చప్పున చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆమె కనుగుడ్లు పాలపొర కప్పినట్టు తెల్లబడుతున్నాయి...

అంతలో ఆమె పెదవులు కదిలాయి. వచ్చిన గొంతు ఆమెది కాదు.

"ఎనుకకెళ్లి కొట్టిండ్రు నన్ను... ఎవరో సూడలే. ఎంతమంది ముఖాలు సూసిన్నో... వాడు కనబడలే."

గుమ్మంలో నిలబడ్డ రంజిత్ తల్లి ముత్తెమ్మ గోడ పట్టుకుని కూలబడింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. పడుచుతనంలో తనతో కలిసి పసుపు ఉడకబెట్టడానికి వచ్చిన రత్నవ్వది. భీమ్‌రావుకు తోడబుట్టిన అక్క. చాలా ఏళ్ల కింద నవీపేట్ దగ్గర గోదావరి ఒడ్డున శవమై దొరికింది.

"మొండెమే దొరికింది కొడుకా," అంది ముత్తెమ్మ. "తల దొరకలే. భీమ్‌రావే అందరికన్న ఎక్కువ ఏడ్చిండు."

రంజిత్ ఇంకొక్క క్షణం ఆగలేదు. ల్యాప్‌టాప్ మూసి, సంచిలో వేసి ఛాతీకి తగిలించుకుని, కుండపోత వానలో బండి ఉరికించాడు.

షెడ్డు తలుపు తోసేసరికి కుళ్లిన నెత్తురు, సాంబ్రాణి కలిసిన వాసన ముఖాన కొట్టింది. కుంకుమతో వేసిన ముగ్గు నడుమ ఒక కపాలం... దాని కంటి గుంటల్లో ఒక్కొక్క కెమెరా అద్దం పొదిగి ఉంది! ముఖం గుమ్మం వైపు తిప్పిన ఆ కపాలం వెనుక దిగంబరుడై కూర్చున్న భీమ్‌రావు కళ్లజోడు పక్కన పారేశాడు. అతని కళ్లు నిగనిగలాడుతున్నాయి. లేత తేనెరంగు కళ్లు. అవి దివ్యశ్రీవి.

"వచ్చినవా? నీ పెండ్లాం ముఖం నాకంటే మంచిగ ఎవరికి తెలుసు ఇప్పుడు?" అన్నాడు నింపాదిగా. "మా అక్క గుంజుకొస్తది, నేను పెట్టుకుంట. గీ పూజ అయినంక నీ పెండ్లాం బతుకుతది, సూపుండదు. నడిమిట్ల ఆపినవా, పీనుగైతది. పో."

రంజిత్ గుమ్మం వైపు ఒకడుగు వెనక్కి వేశాడు. కానీ తన ఇంట్లో ఏడ్చిన ఆ గొంతు ఇంకా చెవుల్లో మోగుతోంది. ఆ ప్రేతాత్మ చూసేది కెమెరా ఎదుట కూర్చున్న ముఖాలనే. తల వీడి దగ్గరే ఉందంటే చంపింది వీడే! ఈ పాపాత్ముడు ఏనాడూ ఆ కెమెరాల ఎదుటికి రాలేదు, ఇప్పుడూ కపాలం వెనుకే దాక్కున్నాడు...

ల్యాప్‌టాప్ మూత తెరిచి భీమ్‌రావు వైపు తిప్పాడు.

బ్యాటరీ లేని యంత్రం భగ్గున వెలిగింది. స్క్రీన్ నిండా భీమ్‌రావు ముఖం. మాంత్రికుడు అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. స్క్రీన్ మీది ముఖం కప్పుకోలేదు! అది నోరు తెరిచి, దొరికిపోయిన దొంగలా, అక్కను చంపిన నేరం ఒప్పుకుంటున్నట్టు చూస్తోంది. కపాలం దవడ మెల్లగా కదిలింది.

"నువ్వా... తమ్మీ?"

ఆ గొంతులో కోపం లేదు. అదే రంజిత్‌ను ఎక్కువ భయపెట్టింది.

భీమ్‌రావు బంధన మంత్రం అందుకున్నాడు. నాలుక తిరగలేదు. తెరలోంచి, కేబుల్‌లోంచి, నేలలోంచి కేశపాశాలు నల్లని జలధారల్లా పొంగి అతని కంఠాన్ని చుట్టుకున్నాయి. అతని చేతులే అతని మాట వినక, గోళ్లు చాచి అతని కళ్ల మీదికి పోయాయి. వద్దక్కా... వద్దక్కా... అని చిన్నపిల్లవాడిలా అరిచాడు. పైరేకు చీల్చుకుని పిడుగు పడింది. రంజిత్ గుమ్మం బయట బురదలో పడ్డాడు. లేచి చూసేసరికి లోపల మంటలు తప్ప ఏమీ లేవు.

ఇంటికొచ్చేసరికి దివ్యశ్రీ, పసిదానిలా ముత్తెమ్మ ఒడిలో పడుకుని ఉంది. గొంతు తనదే. పేరు పెట్టి పిలిస్తే పలికింది; పూజ ఆపితే పీనుగవుతుందన్నది ఉత్త బెదిరింపే. కళ్లు మాత్రం తెల్లగానే ఉండిపోయాయి. పెద్ద దవాఖానల్లో చూపించాడు. ఎవరూ ఏమీ చేయలేమన్నారు. రత్నవ్వ తన పగ తీర్చుకుంది గాని, తీసుకున్నవి తిరిగి ఇవ్వలేదు.

ఊళ్లో అంతా కరెంటు మంట అనుకున్నారు. భీమ్‌రావు మంచోడని, అక్క కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు పోగొట్టుకున్నవాడని గోదాములవాళ్లు అరపూట దుకాణాలు మూసి సంతాపం పాటించారు. రంజిత్ నోరు విప్పలేదు. విప్పితే నమ్మేదెవరు?

బూడిదలో దొరికిన కపాలపు పెంకులను ముత్తెమ్మ కొత్తగుడ్డలో మూటగట్టింది. ముగ్గురూ గోదావరికి పోయారు. మూట నీళ్లలో కలిపాక రంజిత్ భార్య చేయి పట్టుకుని ఒడ్డు ఎక్కించబోయాడు. ఆమె చేయి విడిపించుకుంది.

"రత్నవ్వకు కర్మ చేసినవ్," అంది దివ్యశ్రీ, నది చప్పుడు వచ్చే వైపు ముఖం తిప్పి. "నా సూపుకు యాడ చేస్తవు?"

ఆమె అడుగులు తడుముకుంటూ, ఒక్కతే గట్టు ఎక్కడం మొదలుపెట్టింది.