మానేరులో మునిగిన అబద్ధం

"ఈత రానోనికి నన్నియ్యకు బాపూ. ఏట్ల బండ లెక్క మునుగుతడు."

బాలలక్ష్మి ఈ మాట అంటున్నప్పుడు నేను పక్క అర్రలో సర్వపిండి తింటున్నాను. ముక్క గొంతుకు అడ్డం పడింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం అది. కరీంనగర్ కచేరీలో కొత్తగా గుమాస్తాగా చేరి, సుల్తానాబాద్ దగ్గర మానేరు ఒడ్డున ఉన్న మా మేనమామ కొమురెల్లి ఇంటికి వచ్చాను. పేరుకు సెలవు. అసలు పని ఆయన కూతురు బాలలక్ష్మిని చూడడం.

అంతకు కాసేపటి ముందే మామ నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"గోదారొడ్డు ధర్మపురిల పుట్టినవ్. ఈతొస్తదా అల్లుడా?"

మామ తమ్ముడు పందెం కాసి వరద గోదావరిలో దిగి, మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఆయనది ఒకటే పట్టు, ఈతగాడికి పిల్లనివ్వడు. "ఆడపిల్లలు ఒడ్డు చూస్కొని ఈదుతరు, మొగోళ్లు మెప్పు చూస్కొని ఈదుతరు" అనేవాడు.

గోదావరిని ఈ గట్టునుంచి ఆ గట్టుకు ఈదినవాణ్ణి నేను. కానీ అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పిల్లను చూశాక నిజం నోటికి రాలేదు.

"నీళ్లంటెనే భయం మామా" అన్నాను.

మామ ముఖం వెలిగింది. బాలలక్ష్మి ముఖం మాడింది. తండ్రికి ఈత రాని అల్లుడు కావాలి, కూతురికి ఈత వచ్చిన మొగుడు కావాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

దారి చూపింది చంద్రవ్వ అత్త. "మీ బాపు పండుకున్నంక జర నువ్వే నేర్పరాదే" అని కూతురి చెవిలో వేసింది.

ఎండాకాలం మానేరంతా ఇసుకే. ఒక్క పెద్ద బండ కింది మడుగు మాత్రం ఎన్నడూ ఎండదు. మధ్యాహ్నం బాలలక్ష్మి నన్నక్కడికి తీసుకెళ్లి, నా వీపుకు నీళ్లలో తేల్చే మునగ బెండ్లు కట్టింది.

"గట్టిగ కట్టినవా?"

"కట్టిన. ఫికర్ చెయ్యకు."

"నువ్వు పక్కకే ఉంటవ్ గదా?"

"మునిగితె ఉంట. తేలితె పోత."

ఆ మాట విన్నాక తేలాలని ఎవడనుకుంటాడు?

"కాళ్లు కొట్టు బావా" అంటే ఆమె ముఖం మీదే నీళ్లు చల్లాను. "చేతులు ఆడించు" అంటే కావాలనే నీళ్లు మింగి దగ్గాను. "తెలివంత కచేరీల పెట్టొచ్చినవా?" అని తిట్టేది, అంతలోనే నవ్వేది. గోదావరి పిల్లవాడు మానేరులో మునగడం చెప్పుకోవడానికి సిగ్గే. అయినా అంత సంతోషంగా నేనెన్నడూ ఈదలేదు.

రోజుకో బెండు తగ్గిస్తూ వచ్చింది. ఇక ఒక్కటే మిగిలిందనగా మామ తోటలో ఇంజను నీళ్లు లాగడం మానేసింది. మడుగులో ఉన్న పైపు కొసకు బిగించే ఇత్తడి ఫుట్‌వాల్ ఊడి అడుగుకు పోయింది. వంకాయ తోట అప్పటికే వాడిపోతోంది. ఒడ్డున జనం చేరారు.

బాలలక్ష్మి కొంగు నడుముకు చుట్టింది. "నేను దిగుత బాపూ."

"వద్దు బిడ్డా. అడుగున తుమ్మ మొద్దున్నది, ముండ్లల్ల చిక్కుతవ్" అని మామ బతిమాలాడు. ఆమె వింటేనా!

ఆమె దిగితే నా అబద్ధం నిలుస్తుంది. నేను దిగితే పిల్ల దక్కదు. కానీ ఆ ముళ్లలోకి ఆమెను ఎలా పంపను? అంగీ విప్పి దూకేశాను.

అడుగంతా బురద. చేతికి తుమ్మ కొమ్మే తగిలింది. ఊపిరి చాలక ఉత్త చేతులతో పైకొచ్చాను.

"గోదారి పిలగాడు గింతేనా?" అని ఒడ్డున ఎవరో నవ్వారు.

మళ్లీ మునిగాను. మళ్లీ ఉత్త చేతులే. ఈసారి అందరూ నవ్వారు. బండ పట్టుకొని, తీరిగ్గా ఊపిరి తీసుకొని ఇంకోసారి మునిగాను. దొరికింది.

ఫుట్‌వాల్ మామ కాళ్ల దగ్గర పెట్టి తల వంచుకున్నాను.

"అబద్ధమాడిన మామా. బాలలక్ష్మి మీది ఆశతోని."

మామ కళ్లు తుడుచుకొని అన్నాడు. "మా తమ్మునికి గూడ ఈతొచ్చు. గని నలుగురు నవ్వుతరని ఎన్కకు మర్లలే. నువ్వు గింతమంది నవ్వంగ ఉత్త చేతులతోని పైకొచ్చినవ్." నా తడి నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "గట్ల మర్లొచ్చెటోనికి పిల్లనియ్యొచ్చు."

నేను ఆనందంగా బాలలక్ష్మి వైపు తిరిగాను. ఆమె కళ్లలో నిప్పులు.

"అయితె నా దగ్గర మునిగినయన్ని నాటకాలేనా?"

"తేలితె పోత అంటివి గదా. గందుకే మునిగిన."

నవ్వు ఆపుకోవాలని పెదవి కొరుక్కుంది గానీ ఆగలేదు. మిగిలిన ఒక్క బెండును తీసుకొచ్చి, అందరి ముందే నా వీపుకు పెట్టి, ముడి బలంగా బిగించింది.

"లగ్గం దాక గిది ఇప్పితే చూడు!"

తాడు పక్కటెముకల్లోకి దిగింది. వదులు చెయ్యమని మాత్రం నేను అడగలేదు.