మూల కుర్చీలో చప్పట్లు

ఆ స్టూడియోలో ప్రివ్యూ హాలంటే పగలు కూడా ఎవరూ ఒంటరిగా వెళ్లేవారు కాదు. చివరి వరస మూల కుర్చీలో ఒక ముసలి నటుడు పోయాడట. బహుమతికి తన పేరు పిలుస్తారని కోటు గుండీలన్నీ పెట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే... అప్పట్నుంచీ చీకటి పడితే లోపల చప్పట్లు వినిపిస్తాయని చెప్పుకునేవారు.

ఆ రోజుల్లో సినిమా బహుమతులు కొత్త. మొదటి ఏడాది సినిమా మొత్తానికీ కలిపి ఒకటే షీల్డు. అది ఎవరింట్లో ఉండాలో తేలక నిర్మాతా, దర్శకుడూ కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది విడివిడిగా ఇచ్చారు. రానివాళ్లు అలిగారు. అలకకొకటి చొప్పున పెంచుకుంటూ పోగా పోగా, ఆఖరికి ఎడిటర్లకూ ఒకటి దక్కింది.

ఎక్కడికో వెళ్లిపోయాను. సంగతి మా బావగారిది. ఆయనే నాకు చెప్పారు.

బావగారు ఎడిటరు. ఆ మొదటి ఎడిటింగ్ బహుమతి మీద ప్రాణాలు పెట్టుకున్నారు. తెల్లారితే న్యాయనిర్ణేతలు ఆయన సినిమా చూస్తారు. ఫిల్ము డబ్బాలు హాల్లో పెట్టి తాళం వేసేశారు. రాత్రి భోజనం చేస్తూ ఆయన చెయ్యి ఆగిపోయింది. చివరి రీల్లో, తల్లి తలుపు తీసే చోట, రెండు ఫిల్ము ముక్కల్ని కలిపిన అతుకు ఆరకుండానే రీలు చుట్టేశారు! అది యంత్రంలో తెగిందా... తెరా తెల్లబోతుంది, ఆయనా తెల్లబోతారు.

"ఈ వేళప్పుడా? దెయ్యానికి మీరే దొరికారా!" అంది అక్క.

"దెయ్యమైతే నయమే. సినిమా చివరిదాకా చూస్తుంది," అంటూ చెప్పులేసుకున్నారు.

వాచ్‌మన్ గుసగుసగా అన్నాడు: "తాళం ఇస్తానయ్యా... తోడు మాత్రం అడక్కండి."

లోపల చిమ్మచీకటి. టార్చి మొరాయించింది. గోడ తడుముకుంటూ నాలుగడుగులు వేశారో లేదో —

చప్పట్లు!

ఒకరివి కావు... వందలమందివి. ఠక్కున ఆగిపోయాయి. చీకట్లోంచి వణుకుతూ ఒక గొంతు... "ఈ గౌరవం... నాది కాదు..." ఆ వెంటనే వెక్కిళ్లు. మళ్లీ చప్పట్లు.

బావగారు టార్చిని అరచేత్తో గట్టిగా చరిచారు. అది అప్పుడు వెలిగింది.

తెర ముందు — సాక్షాత్తూ ఆ సినిమా కథానాయకుడు! పక్కన టేపు రికార్డరు.

"నువ్వటయ్యా ఎడిటరూ! హడలి చచ్చాను. వెనక తలుపు తాళం నా దగ్గరుందిలే. ఎల్లుండి సభలో ఏడవాలి కదా, సాధన చేస్తున్నా. ఏడుపు మరీ ఎక్కువైందంటావా?"

"వాళ్లు సినిమా చూసేది రేపు కదండీ?"

"చూడ్డం రేపు. పంచుకోవడం పోయిన వారమే అయిపోయింది. నీ బహుమతి ఆ న్యాయనిర్ణేతల అధ్యక్షుడి మేనల్లుడికి. బంగారంలాంటి కుర్రాడు. కత్తెర ముట్టుకుని ఎరగడు, పాపం."

బావగారు చివరి రీలు డబ్బా వెతికి, జేబులోంచి జిగురు సీసా తీశారు.

"ఇంకా ఆ డబ్బాతో పనేముంది? ఇంటికెళ్లి పడుకో."

"వదులు అతుకు పెట్టుకుని నిద్ర పట్టదండీ," అన్నారు బావగారు. కూర్చుని మళ్లీ అతికి, అది ఆరేదాకా ఊదుతూ ఉండిపోయారు.

పొద్దున న్యాయనిర్ణేతలు వచ్చారు. విశ్రాంతి దాకా కునికారు. "అద్భుతం! మిగతాది ఊహించుకోగలం," అని అధ్యక్షులు లేచారు. వెనకే అందరూ కాఫీలకి వెళ్లిపోయారు. వేసిన సినిమా మధ్యలో ఆపకూడదన్నది ఆపరేటర్ల నియమం. ఆపరేటరు తిప్పుతూనే ఉన్నాడు. బావగారు పైన ప్రొజెక్టరు గదిలో యంత్రం పక్కనే నిలబడ్డారు.

చివరి రీలు. తల్లి తలుపు తీసింది... అతుకు వెంట్రుకంత కూడా అదరలేదు.

అప్పుడు — కింద హాల్లో చప్పట్లు.

ఒక్కరివే. నెమ్మదిగా... ముసలి చేతులవి.

టేపు రికార్డరు రాత్రే కథానాయకుడి కారెక్కింది. బావగారు కిటికీలోంచి తొంగిచూశారు. ఖాళీ కుర్చీలన్నీ మడిచే ఉన్నాయి. మూలది మాత్రం... ఎవరో కూర్చున్నట్టు కిందికి వాలి ఉంది. చూస్తుండగానే మెల్లగా పైకి లేచి మడుచుకుంది.

రాత్రి ఇంటికి రాగానే అక్క అడిగింది: "బహుమతి వస్తుందంటారా?"

"వచ్చేసింది," అన్నారు బావగారు. ఎవరిచ్చారో మాత్రం పొద్దున చెబుతానన్నారు.