ఉత్తరపు మూల గడ్డిసిపాయి

చీకటి పడితే చాలు, మా కంచె ఉత్తరపు మూలకి ఏ మగాడూ వెళ్లేవాడు కాదు. అక్కడ నిలబెట్టిన గడ్డిసిపాయి రాత్రిళ్లు కదులుతాడని పుకారు. దగ్గాడని కూడా ఒకడు ఒట్టేసి చెప్పాడు!

ఇంగ్లండు నుంచి సముద్రం దాటి ఈ కొత్త ఖండానికి వచ్చి ఓడ దిగినప్పుడు మేం నూరుమందిమి. మొదటి చలికాలం ముగిసేసరికి ముప్పైమందిమి మిగిలాం. అడవిలోంచి మమ్మల్ని గమనించే స్థానికులకి ఆ సంగతి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అందుకే పోయినవాళ్లని పూడ్చి, నేల చదును చేసి, పైన మొక్కజొన్న చల్లేశాం. వాళ్ల కోట్లలో గడ్డి కూరి, తలకో టోపీ పెట్టి, కంచె పొడుగునా ఎత్తైన దిమ్మల మీద కాపలాకి నిలబెట్టాం. ఉత్తరపు మూలన ఉన్నది వడ్రంగి హంఫ్రీ కోటు.

మర్నాడు ఓడ తిరిగి వెళ్తుందనగా పంచాయితీ మొదలైంది. రాజుగారికి పంపే కాగితంలో ఊరి పేరు రాయాలి. రాజుగారి పేరే పెడదామన్నారు గవర్నరుగారు. హంఫ్రీ పెళ్లాం టామ్సిన్ లేచి నిలబడింది.

"ఇక్కడ మొదటి ఇల్లు కట్టింది మా ఆయన. సమాధి మీద రాయైనా లేదు. ఊరికైనా ఆయన పేరు ఉండనివ్వండి బాబూ!"

"సరేనమ్మా, ఈ రాత్రి ఉత్తరపు మూలకెళ్లి ఆ గడ్డిసిపాయి టోపీ పట్రా. నీ మాటే రాస్తాం," అని నవ్వారాయన. ఆడమనిషి ఏం వెళ్తుందిలే అని ధీమా.

వెళ్లింది మహాతల్లి! ఒక్కతే... దీపమైనా లేకుండా.

చెయ్యి చాపింది — టోపీ అందలేదు. మునివేళ్ల మీద లేచింది — ఊహూఁ. అప్పుడు...

గడ్డిసిపాయి మెల్లగా తల వంచాడు!

ఆవిడ కెవ్వుమనలేదు. టోపీ తీసుకుంది. "చలేస్తోందా?" అని గుసగుసగా అడిగి, తన శాలువా తీసి వాడి మెడకి చుట్టి, గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

తెల్లారేసరికి మా ఊరు హంఫ్రీటన్ అయింది. పోయిన మొగుడే తల వంచాడని ఊరంతా ముక్కున వేలేసుకుంది.

ఇంత వివరంగా నాకెలా తెలుసంటారా? ఆ కోటులో ఉన్నది నేనే! మేకలు కాసుకునేవాణ్ణి, ఒంటి మీద కోటు లేదు. చలికి తాళలేక, రాత్రి కాగానే గడ్డి తీసేసి అందులో దూరి, నిలబడే కునుకు తీసేవాణ్ణి. తెల్లారకముందే మళ్లీ గడ్డి కూరేసేవాణ్ణి. దొరికితే కొరడా దెబ్బలే. ఆ రాత్రి ఆవిడ నిజంగా వస్తుందని కలగన్నానా!

ముప్పై ఏళ్లు నోరు మెదపలేదు. పోయిన చలికాలం టామ్సినక్క మంచాన పడితే, ఇక దాచలేక ఏడుస్తూ చెప్పేశాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిసుక్కున నవ్వింది.

"ఒరేయ్ గైల్స్, మా ఆయన దగ్గర ఎప్పుడైనా మేకల కంపు వచ్చిందట్రా? ఆ శాలువా నీకే చుట్టాను."